చిన్న ఆంప్లిఫయర్‌తో ఎన్‌ఎమ్‌ఆర్: యాదృచ్ఛిక పల్స్‌లు ఎలా వాడాలి

ఎన్‌ఎమ్‌ఆర్ (అయస్కాంత క్షేత్రంలో ఉంచిన పరమాణు కేంద్రకాల సిగ్నల్‌ని చదివే పద్ధతి) క్లాసులో ఒక్క గట్టి రేడియో పల్స్ కొట్టి ఎఫ్‌ఐడీ (పల్స్ తర్వాత మెల్లగా ఆరిపోయే సిగ్నల్) తీసుకోవడమే నేర్పిస్తారు. ఇంకో దారి ఉంది. బలహీనమైన పల్స్‌లు ఆపకుండా పంపిస్తూ, వాటి ఫేజ్‌ను యాదృచ్ఛికంగా 0 లేదా 180 డిగ్రీలకు మారుస్తూ, మధ్య ఖాళీల్లో సిగ్నల్ తీసుకుంటాం. మిరప తోటకు డ్రిప్పు పెట్టినట్టు, అదే పని తక్కువ ఒత్తిడితో అయిపోతుంది. 1970లో శాస్త్రవేత్తలు ఎర్న్‌స్ట్, కైజర్ వేర్వేరుగా దీన్ని చూపించారు. మామూలు ప్రోటాన్ స్పెక్ట్రమ్‌కి దీనివల్ల సెన్సిటివిటీ పెద్దగా పెరగదు. కానీ హన్మకొండ, కాజీపేట వైపు ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తూ, పల్స్ ప్రోగ్రామ్ రాసుకోనిచ్చే చిన్న టేబుల్‌టాప్ మెషీన్ చేతిలో ఉన్నవాళ్లు తప్పకుండా చేసి చూడాలి. స్పిన్‌లు (చిన్న అయస్కాంతాల్లాంటి కేంద్రకాలు) ఎలా స్పందిస్తాయో దీంతో అర్థమైనంత బాగా ఇంకెందులోనూ అర్థం కాదని నా నమ్మకం.

శాంపిల్‌గా నీళ్లు చాలు. ఉత్త నీళ్ల టీ1 (పల్స్ తర్వాత స్పిన్‌లు మామూలు స్థితికి తిరిగొచ్చే సమయం) దాదాపు 3 సెకన్లు, అంత ఉంటే విసుగు. లీటరుకు పావు గ్రాము మైలుతుత్తం కలిపితే సుమారు ఒక సెకనుకు దిగుతుంది. ల్యాబ్‌లోదే వాడండి, ఎరువుల షాపుది వద్దు.

ఫేజ్‌లను మామూలు ర్యాండమ్ నంబర్లతో కాకుండా షిఫ్ట్ రిజిస్టర్‌తో (ప్రతి అడుగుకీ బిట్‌లు ఒక్కో స్థానం జరిగే వరుసతో) తయారుచేయండి. 14 బిట్‌ల రిజిస్టర్‌లో 14, 13, 12, 2 స్థానాల బిట్‌లను ఎక్స్-ఆర్ చేసి (ఒకట్లు బేసి సంఖ్యలో ఉంటే 1, లేకపోతే 0) వెనక్కి మొదటి స్థానానికి ఇస్తే 16383 పల్స్‌ల వరుస వస్తుంది, 1 వస్తే ఒక ఫేజ్, 0 వస్తే రెండోది. అందులో 8192 ఒకట్లు, 8191 సున్నాలు ఉండాలి, లేకపోతే కోడ్‌లో ఎక్కడో తేడా ఉన్నట్టే. పల్స్‌కి పల్స్‌కి మధ్య 100 మైక్రోసెకన్లు పెడితే ఒక చుట్టుకు, అంటే వరుస మొత్తానికి, 1.64 సెకన్లు. ఆలోపు ఎఫ్‌ఐడీ ఆరిపోవాలి, లేదంటే దాని తోక మొదటి భాగంలోకి వచ్చి కలుస్తుంది.

అసలు సంగతి పవర్. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు, సిగ్నల్ చిన్నగా కనిపించగానే పవర్ పెంచేస్తారు. ఒక్కో పల్స్ తిప్పే కోణానికి గరిష్ఠ హద్దు, రేడియన్లలో, పల్స్‌ల మధ్య సమయాన్ని టీ1తో భాగించి వర్గమూలం తీస్తే వచ్చేదే. మన లెక్కలో 0.01, అంటే 0.57 డిగ్రీలు. ఫుల్ పవర్‌లో 90 డిగ్రీలకు 10 మైక్రోసెకన్లు పట్టే మెషీన్ అయితే, 5 మైక్రోసెకన్ల పల్స్‌ని దాదాపు 38 డెసిబెల్స్ తగ్గించాలి. 100 వాట్లు కాస్తా 16 మిల్లీవాట్లు అవుతుంది! మొదట అందులోనూ సగం కోణంతో, అంటే 44 డెసిబెల్స్ తగ్గించి మొదలుపెట్టండి.

మొదటి మూడు చుట్లు రికార్డ్ చేయకుండా వదిలేయండి, స్పిన్‌లు నిలకడకు రావాలి. నాలుగో చుట్టును, పల్స్ మధ్య నుంచి 90 మైక్రోసెకన్లు ఆగి ఒక్కో పాయింట్ చొప్పున తీసుకోండి, కాయిల్ మోత అప్పటికి తగ్గి ఉంటుంది. తర్వాత సిగ్నల్‌కి, పల్స్ వరుసకి (+1, −1లుగా రాసి) విడివిడిగా ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ చేసి, రెండోదాని కాంజుగేట్‌తో మొదటిదాన్ని గుణించండి. స్పెక్ట్రమ్ నేరుగా వచ్చేస్తుంది. ఆ 90 మైక్రోసెకన్ల ఆలస్యానికి స్పెక్ట్రమ్ మొత్తం మీద 324 డిగ్రీల లీనియర్ ఫేజ్ సవరణ ఇవ్వాలి.

స్పెక్ట్రమ్‌కి సరిగ్గా మధ్యలో, అంటే సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గర, పీక్ పెట్టకండి. ఈ వరుసకు సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గర బలం 1 మాత్రమే, మిగతా అన్నిచోట్లా 128. కాబట్టి క్యారియర్‌ని (పల్స్‌ల రేడియో ఫ్రీక్వెన్సీని) పక్కకు జరపండి.

బేస్‌లైన్ మీద చెల్లాచెదురుగా చిన్న చిన్న ముళ్లు కనిపిస్తే ఇంకో 6 డెసిబెల్స్ తగ్గించి చూడండి. పీక్ సరిగ్గా సగమై, ముళ్లు అంతకంటే బాగా తగ్గితే అవి సాచురేషన్ (పవర్ ఎక్కువై స్పిన్‌లు కోలుకోలేకపోవడం) వల్ల వచ్చినవే. ముళ్లు అలాగే ఉంటే అది మామూలు నాయిస్, ఇంకొన్ని చుట్లు కలపండి.

మన దగ్గర మే నెలలో ఇంకో ఇబ్బంది. నియోడిమియం అయస్కాంతం ఒక డిగ్రీ వేడెక్కితే క్షేత్రం 0.1 శాతం దాకా పడిపోతుంది, 60 మెగాహెర్ట్జ్ మెషీన్‌లో అది 60 కిలోహెర్ట్జ్. కరెంటు పోయి వచ్చిన వెంటనే కొలవకండి, అయస్కాంతం ఉష్ణోగ్రత స్థిరపడి, లాక్ (క్షేత్రాన్ని స్థిరంగా పట్టి ఉంచే ఏర్పాటు) కదలకుండా నిలిచాకే మొదలుపెట్టండి.