ఐదు కిలోమీటర్ల పందేనికి జిమ్‌లో పదహారు వారాలు

మెట్లు ఎక్కితే ఆయాసపడే స్థితిలో ఉన్న మనిషి ఐదు కిలోమీటర్ల పరుగు పందెంలో పాల్గొనాలని నిశ్చయించుకుని జిమ్‌లో చేరినప్పుడు, అన్నిటికంటే ముందుగా ఒక విషయం గ్రహించాలి. శరీరంలోని భాగాలన్నీ ఒకే వేగంతో పరుగుకు అలవాటుపడవు. గుండె, ఊపిరితిత్తుల పనితీరు మూడు నాలుగు వారాల్లోనే మెరుగుపడటం మొదలవుతుంది. కండరాలకు ఒకటి రెండు నెలలు పడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు, ఎముకలు గట్టిపడటానికి మాత్రం అంతకంటే చాలా ఎక్కువ కాలం కావాలి. ఎముక కొత్త భారానికి సిద్ధపడేటప్పుడు పాత పదార్థాన్ని ముందు తొలగించుకుని, ఆ తరువాతనే కొత్తదాన్ని నింపుకుంటుంది కనుక, ఆ నడిమి వారాల్లో అది మునుపటికంటే కొంత బలహీనంగానే ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఆయాసం తగ్గి, ఇక ఎంత దూరమైనా పరిగెత్తగలనన్న ధైర్యం వస్తుంది. కొత్తగా మట్టి పోసిన గట్టు మీద ఆ వారమే ట్రాక్టరు తోలని రైతుకు ఇందులోని ప్రమాదం వేరే చెప్పనక్కరలేదు. ఈ మార్గదర్శిని అంతా ఆ ధైర్యాన్ని అదుపులో ఉంచుకుంటూ, కాళ్ళకు కావలసిన గడువు ఇవ్వడం గురించే.

అందుకు పదహారు వారాలు కేటాయించుకోవడం మంచిది. గోదావరి డెల్టాలో పరుగుకు అనువైన చల్లని రోజులు డిసెంబరు, జనవరి నెలల్లోనే దొరుకుతాయి కాబట్టి సెప్టెంబరులో సాధన మొదలుపెడితే లెక్క సరిపోతుంది. సార్వా పైరు పొలాల్లో ఉండే ఆ నెలల్లో వానలకు గట్లన్నీ జారుడుగా ఉంటాయి. అక్టోబరు, నవంబరులలో వాయుగుండాల భయమూ ఉంటుంది. అటువంటి కాలంలో పైకప్పు కింద సాధన చేసుకునే వీలు కల్పించడమే జిమ్ చేసే మొదటి మేలు. రోహిణి కార్తె ఎండల్లో ఆరుబయట పరుగు మొదలుపెట్టడం ఆరోగ్యవంతుడికే తగని పని, కొత్తవారికి అసలే తగదు. పోలీసు కానిస్టేబుల్ ఎంపికలో 1,600 మీటర్ల పరుగు కోసం సిద్ధపడేవారికి కూడా ఇదే పునాది పనికొస్తుంది. చివరి వారాల్లో వారికి వేగం మీద సాధన మరికొంత కావాలి, అంతే తేడా.

జిమ్ రుసుము కట్టే ముందు వైద్యుణ్ణి ఒకసారి కలవండి. వయసు నలభై దాటినవారు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, పొగతాగే అలవాటున్నవారు, కుటుంబంలో చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చినవారు ఈ పనిని వాయిదా వేయకూడదు. నడిచేటప్పుడు ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్ళు తిరిగినా, గుండె దడదడలాడినా ఆ సంగతి వైద్యుడికి దాచకుండా చెప్పాలి. మధుమేహానికి ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వాడేవారు వ్యాయామం వల్ల రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోయే అవకాశం గురించి ముందే అడిగి తెలుసుకోవాలి.

మొదటి రెండు వారాల్లో పరుగు ఉండదు. వారానికి మూడు రోజులు అరగంట చొప్పున చురుకైన నడక, రెండు రోజులు బరువుల గదిలో కదలికలు నేర్చుకోవడం, అంతే. కొన్ని జిమ్ములలో చేరిన రోజే కొత్తవారి చేత వంద బస్కీలు తీయించి, మర్నాడు మంచం దిగలేకపోవడాన్ని ఘనతగా చెప్పే పద్ధతి ఉంది. దాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. కొత్త వ్యాయామం చేసిన తరువాత ఒకటి నుంచి మూడు రోజుల మధ్య కండరాలు నొప్పి పెట్టడం మామూలే. అలవాటు లేని శరీరాన్ని మితిమీరి శ్రమపెడితే మాత్రం కండర కణాలు చితికి, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయగలదు. ఉక్కపోతలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది. వ్యాయామం చేసిన ఒకటి రెండు రోజుల్లో మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారితే, తగ్గుతుందిలే అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. చేరిన రోజే మీ ట్రైనరు మాస్టారితో “నేను పరుగు పందేనికి సిద్ధపడుతున్నానండీ, మొదటి నెల నెమ్మదిగా చేయించండి” అని స్పష్టంగా చెప్పుకోవడంలో సంకోచం అక్కరలేదు.

బరువుల గదిలో ఏం చేయాలన్నది ఈ సాధనకంతటికీ కీలకం కనుక దాన్ని కొంత వివరంగా చెప్పుకోవాలి. పరుగెత్తే మనిషికి ముఖ్యంగా బలపడవలసినవి తొడలు, పిరుదులు, పిక్కలు, నడుము. స్క్వాట్‌ను మొదట మోకాలి ఎత్తున్న బల్ల మీద కూర్చుని లేచే విధంగా, ఏ బరువూ లేకుండా ప్రారంభించండి. మోకాళ్ళు లోపలికి వాలకుండా పాదాల దిశలోనే వంగితే అప్పుడు చేతిలో ఒక డంబెల్ పట్టుకోవచ్చు. రెండోది, వీపు వంచకుండా తుంటి దగ్గర మడిచి, పిరుదులను వెనక్కు నెట్టి, బరువును తొడల వెంట మోకాళ్ళ కిందికి దించి పైకి లేవడం. దీన్ని జిమ్ముల్లో రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ అంటారు. ఎక్కువ గంటలు కుర్చీలో కూర్చుని పనిచేసేవారికి బలహీనపడే తొడ వెనుక కండరాలు, పిరుదులు దీనితో మేల్కొంటాయి. మూడోది, అడుగు ఎత్తున్న పీట మీదికి ఒక్కో కాలితో ఎక్కి నెమ్మదిగా దిగడం. పరుగులో ఏ క్షణంలోనూ రెండు కాళ్ళూ కలిసి నేల మీద ఉండవు కనుక, ఒంటికాలి మీద తూలకుండా నిలిచే ఈ నేర్పును కూర్చుని కాళ్ళతో బరువును నెట్టే లెగ్ ప్రెస్ యంత్రం ఇవ్వలేదు. నాలుగోదైన పిక్కల వ్యాయామాన్ని చాలామంది పట్టించుకోరు గాని, పరుగుకు నా దృష్టిలో ఇదే అన్నిటికంటే అవసరమైనది. మడమలు ఎత్తి దించడాన్ని మోకాలు నిటారుగా ఉంచి ఒక సెట్టు (ఆగకుండా వరుసగా చేసే ఒక విడత), కూర్చుని మోకాలు మడిచి ఒక సెట్టు చేయాలి. మోకాలు మడిచినప్పుడు పిక్క లోపలి పొరలోని సోలియస్ కండరం మీద భారం పడుతుంది, పరుగులో శరీర బరువుకు ఎన్నో రెట్లు మోసేది అదే. వీటికి తోడు మోచేతులు, కాలివేళ్ళ మీద ఒంటిని పలకలా నిలిపి ఉంచే ప్లాంక్, పక్కకు తిరిగి చేసే ప్లాంక్, వీపు కోసం కేబుల్‌ను ఛాతీ వైపు లాగడం చాలు.

ఒక్కొక్కటి రెండు సెట్లు, సెట్టుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, ఇంకా రెండు మూడు సార్లు చేయగల శక్తి మిగిలి ఉండగానే ఆపాలి. రెండు రోజులకు మధ్య కనీసం నలభై ఎనిమిది గంటల ఎడం ఉండాలి. ఆరు వారాలు గడిచి కదలికలు కుదురుకున్నాక మూడు సెట్లకు పెంచి, బరువు పెంచి, ఒక్కో సెట్టులో ఆరు నుంచి ఎనిమిది సార్లకు తగ్గించవచ్చు. పరుగెత్తేవారు తేలికైన బరువులతో ముప్పై నలభై సార్లు చేయాలన్న మాట తరచు వినిపిస్తుంది, కాని అది సరి కాదు. వేల సార్లు కాలు కదపడం పరుగులో ఎలాగూ జరుగుతుంది. పరుగు ఇవ్వలేని బలాన్ని తెచ్చుకోవడానికే బరువుల దగ్గరికి వెళ్ళాలి.

ట్రెడ్‌మిల్ ఎక్కగానే అత్యవసరంగా ఆపే తాడు క్లిప్పును చొక్కాకు తగిలించుకోండి. చేతులతో కమ్మీలను పట్టుకుని నడిస్తే శరీర బరువు కొంత చేతుల మీదికి పోయి, తెర మీద కనిపించే అంకెకు అర్థం ఉండదు. నడకకు గంటకు 5 కిలోమీటర్లు, తొలి పరుగుకు 6.5 నుంచి 7.5 కిలోమీటర్ల వేగం సరిపోతుంది. అయితే వేగాన్ని నిర్ణయించవలసినది యంత్రం కాదు, మీ మాట. పరిగెత్తుతూ ఒక పూర్తి వాక్యాన్ని తెగకుండా పలకగలిగితే ఆ వేగం మీకు తగినది, రెండు ముక్కలకే ఊపిరి అందకపోతే తగ్గించాలి. ఆరుబయటి గాలి నిరోధానికి సమానం కావాలని ట్రెడ్‌మిల్‌ను 1 శాతం వాలులో పెట్టమంటారు, కాని ఇంత నెమ్మదైన వేగంలో దాని ప్రభావం నామమాత్రమే. వాలు మీటకు మరో ఉపయోగం ఉంది. కనుచూపు మేర ఎత్తుపల్లాలు లేని కోనసీమలోనో, భీమవరం చుట్టుపక్కలనో ఉండేవారికి ఎగువకు నడిచే అవకాశం దాదాపు లేదు. వారానికి ఒకసారి 4 నుంచి 6 శాతం వాలులో పది నిమిషాలు నడిస్తే, అడుగుల తాకిడి పెరగకుండానే గుండెకూ పిక్కలకూ మంచి శ్రమ దొరుకుతుంది.

మూడో వారం నుంచి వారానికి మూడు రోజులు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిది సార్లు చేయాలి. ఇది సులువైపోయినా ఆ వారం పెంచవద్దు. ఆరో వారం ముగిసేసరికి రెండు నిమిషాల పరుగుకు ఒక నిమిషం నడక, పదో వారానికి ఐదు నిమిషాల పరుగుకు ఒక నిమిషం నడక చేరుకుంటే చాలు. పదకొండో వారం నుంచి ఆగకుండా ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి, పద్నాలుగో వారానికి ముప్పై ఐదు నిమిషాల దాకా పెంచుకోవచ్చు. ప్రతి నాలుగో వారం మొత్తం పరుగును మూడో వంతు తగ్గించాలి. ఎముకలకు ఇవ్వవలసిన గడువు ఆ తగ్గింపులోనే ఉంది కనుక, ఉత్సాహం ఎంత ఉన్నా దాన్ని దాటవేయవద్దు.

యంత్రం మీద ఎంత పరిగెత్తినా పందెం జరిగేది నేల మీద కాబట్టి, ఏడో వారం నుంచి వారానికి ఒక పరుగును, పదకొండో వారం నుంచి రెండింటిని బయటికి మార్చండి. డెల్టాలో ఇందుకు ఏటిగట్టును మించిన చోటు లేదు. ఊరి నుంచి గట్టు మీదికి ఎక్కే ర్యాంపు మన ప్రాంతంలో దొరికే అరుదైన ఎత్తు, రెండు మూడు సార్లు ఎక్కి దిగితే మంచి సాధన. వేకువన చీకట్లో వెళ్ళేవారు టార్చిలైటు లేకుండా గట్టు మీద అడుగు పెట్టకూడదు. వరిచేల పక్కన కట్లపాము, రక్తపింజరి, తాచు తిరిగే సమయం అది. 216 నంబరు జాతీయ రహదారి వంటి లారీలు తిరిగే దారుల్లో పరుగు వద్దనే నా సలహా. ఊరి రోడ్డు మీద తప్పనిసరైతే ఎదురొచ్చే వాహనాలు కనిపించేలా కుడి పక్కన పరిగెత్తాలి. బూట్లను సాయంకాలం, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండేలా కొనుక్కోండి. ఖరీదు కంటే కాలికి హాయిగా ఉండటమే కొలమానం.

ఉక్కపోతను తేలికగా తీసుకోకూడదు. చెమట కారడం వల్ల కాదు, ఆ చెమట ఆరడం వల్ల ఒళ్ళు చల్లబడుతుంది. కాలువలు, చెరువులు, సముద్రం దగ్గరగా ఉన్న ఈ నేల మీద గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట ఒంటి మీద నుంచి జారిపోతుందే తప్ప ఆరదు. బయటి వాతావరణానికి శరీరం అలవాటుపడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఏసీ జిమ్‌లో సాధన చేసినవారు బయటి మొదటి పరుగుల్లో వేగం తగ్గించుకోక తప్పదు. పరుగుకు తలనొప్పి, వాంతి భావం, వణుకు తోడైతే వెంటనే ఆగి నీడకు చేరాలి. మనిషి తికమకగా మాట్లాడితే అది వడదెబ్బ, నీళ్ళతో ఒళ్ళు తడుపుతూ, విసురుతూ ఆసుపత్రికి తరలించాలి. బరువు తగ్గుతుందని ప్లాస్టిక్ చొక్కా తొడుక్కుని పరిగెత్తడం ప్రాణం మీదికి తెచ్చే పని. దానితో పోయేది నీరే, కొవ్వు కాదు. గంటలోపు సాధనకు దాహాన్ని బట్టి నీళ్ళు చాలు. బాగా చెమట పట్టిన రోజు ఉప్పు వేసిన మజ్జిగ, కొబ్బరి బొండం మేలైనవి.

అన్నం మానేసి పరుగు మొదలుపెట్టడం పొరపాటు, పరిగెత్తే కండరానికి ఇంధనం అదే. తగ్గించవలసింది నూనె, పంచదార, రాత్రి పొద్దుపోయాక తినే రెండో వడ్డన. శరీర బరువులో ప్రతి కిలోకూ రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాముల మాంసకృత్తులు అందితే కండరం కోలుకుంటుంది. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, వంద గ్రాముల శీలావతి, బొచ్చె వంటి చేపలో దాదాపు 17 నుంచి 20 గ్రాములు ఉంటాయి. చేపల చెరువుల నడుమ ఉంటూ డబ్బాల పొడి కొనుక్కోవలసిన అవసరం నాకు కనిపించదు. శాకాహారులకు పెసరట్టు, శనగలు, పప్పు, పెరుగు ఉన్నాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా మాంసకృత్తులు పెంచకూడదు.

నొప్పులను వేరుచేసి గుర్తించడం నేర్చుకోండి. రెండు కాళ్ళలోనూ సమానంగా, కండరమంతటా ఉండి, కదిలితే తగ్గే నొప్పి సాధన ఫలితం. ముంగాలి ఎముక లోపలి అంచు పొడవునా సలుపు ఉంటే పరుగును సగానికి తగ్గించాలి. ఎముక మీద ఒకే ఒక్క చోట వేలు పెడితే గుచ్చినట్టుండి, రాత్రి పడుకున్నా తగ్గకపోతే అది ఎముకలో సన్నని బీటకు సూచన కావచ్చు కనుక పరుగు మానేసి వైద్యుడికి చూపించాలి. ఛాతీ నొప్పి వస్తే వేచి చూడవద్దు, 108కి ఫోన్ చేయాలి.

పందెం వారంలో కొత్తగా బలం రాదు, ఉన్న అలసట తీరుతుంది. కాళ్ళ బరువులను ఐదు రోజుల ముందే ఆపి, ఇరవై నిమిషాల తేలిక పరుగులు రెండు చేసి ఊరుకోండి. పందెం ఉదయం రెండు గంటల ముందు, సాధన రోజుల్లో అలవాటైన ఇడ్లీ, అరటిపండు వంటివే తినాలి. మొదటి కిలోమీటరులో గుంపు ఊపుకు లొంగకుండా, పక్కవారితో మాట్లాడగలిగే వేగంలోనే సాగాలి. డొక్కలో పోటు వస్తే నడుస్తూ గాలిని నెమ్మదిగా పూర్తిగా వదలండి. చివరి కిలోమీటరు మిగిలినప్పుడు శక్తి ఉంటే వేగం పెంచవచ్చు. గీత దాటగానే కూలబడకుండా పది నిమిషాలు నడవాలి. ఆ తరువాతి మూడు నాలుగు రోజులు నడకతో సరిపెట్టి, వారం తిరిగాక జిమ్‌లో మునుపటి బరువుల్లో సగంతో మళ్ళీ మొదలుపెట్టండి.