కొత్త ఇంటి పెరడు: తేడా ఎక్కడ కొడుతోంది, ఎలా సరిచేయాలి

ఇల్లు పూర్తయ్యేసరికి చేతిలో డబ్బూ ఉండదు, ఓపికా ఉండదు. అందుకే వెనక మిగిలిన పది పన్నెండు అడుగుల జాగాలో నర్సరీ నుంచి తెచ్చిన నాలుగు మొక్కలు గుచ్చేసి, కాస్త గడ్డి పరిపించేసి వదిలేస్తారు. ఏడాది తిరిగేలోపు అది రోజూ గంట పని అయి కూర్చుంటుంది. నేను చూసినంతలో అలాంటి పెరళ్లలో తప్పు మొక్కలది కాదు. నీళ్ల వాటం, మట్టి, ఎండ ఈ మూడూ చూడకుండా మొక్కల దాకా వెళ్లిపోవడమే. ఇక్కడ రాసేదంతా హైదరాబాద్ చుట్టుపక్కల 200 గజాల ఇళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, మిగతా ఊళ్లలో చిన్న చిన్న మార్పులతో సరిపోతుంది.

వాన పడితే నీళ్లు గోడ దగ్గరే నిలుస్తున్నాయి, లోపల గోడ అడుగున చెమ్మ వస్తోంది

ముందు చూడాల్సింది వాటం. మేస్త్రీ వెళ్లిపోయే ముందు ఎర్రమట్టి పోసి పైపైన చదును చేసి ఉంటాడు, ఆ మట్టి రెండు వానలకి కుంగి ఇంటివైపే పల్లం అవుతుంది. పునాది కోసం తవ్వి తిరిగి పూడ్చిన మట్టి గోడ పక్కనే ఉంటుంది కాబట్టి కుంగేది కూడా అక్కడే. నీళ్ల లెవెల్ పైపు పెట్టి కొలవండి. గోడ నుంచి బయటికి పది అడుగులకి కనీసం రెండు అంగుళాల పల్లం ఉండాలి. ఈశాన్యం పల్లంగా ఉండాలని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడితే గొడవ పడక్కర్లేదు, నీళ్లు ఈశాన్యానికే పంపండి, కానీ అక్కడ వాటికి దారి కూడా ఉండాలి కదా. కాలువకి పైపన్నా వేయాలి, ఇంకుడు గుంతన్నా తవ్వాలి. ఆ రెండూ లేకుండా పల్లం మాత్రం చేస్తే ఆ మూలలో చెరువు తయారవుతుంది.

ఇంకుడు గుంత తవ్వే ముందు ఒక పరీక్ష. అడుగున్నర లోతు గుంత తీసి నీళ్లు నింపండి, ఇంకిపోయాక మళ్లీ నింపండి. మర్నాటికీ నీళ్లు అలాగే ఉంటే కింద నల్లరేగడో షీట్ రాకో (పలకలా పరుచుకున్న గట్టి రాయి) ఉందన్నమాట, అక్కడ ఇంకుడు గుంత మీద ఆశ పెట్టుకోకుండా నీళ్లని కాలువలోకి పంపడమే మేలు.

రెండో కారణం మట్టి ఎత్తు. మొక్కల కోసమని మట్టి పోసుకుంటూ పోతే అది బేస్‌మెంట్ దాటి గోడని తాకుతుంది. చెమ్మకీ చెదకీ అంతకంటే మంచి దారి లేదు. లోపలి నేల కంటే బయటి మట్టి కనీసం అరడుగు కిందే ఉండాలి. గోడ చుట్టూ రెండడుగుల వెడల్పున సిమెంటు పట్టీ వేయించి దానికీ బయటికి వాటం ఇప్పించండి. అక్కడ పాదు కట్టొద్దు, మొక్క పెట్టొద్దు. వాన చినుకులకి బురద చిట్లి గోడ పాడవడం కూడా దీంతోనే ఆగిపోతుంది.

మొక్కలు బతుకుతున్నాయి గానీ ఎదగట్లేదు, లేత ఆకులు పసుపెక్కుతున్నాయి

గడ్డపారతో ఒక దెబ్బ వేసి చూడండి. మూడంగుళాల ఎర్రమట్టి కింద ఇటుక ముక్కలు, ప్లాస్టరింగ్ పెళ్లలు, గట్టిపడిన సిమెంటు ముద్దలు, ఒక్కోసారి సంచితో సహా తగులుతాయి. కట్టుబడిలో మిగిలిందంతా పెరట్లోకే వెళ్తుంది, మట్టితో కప్పేస్తారు. సిమెంటులోని సున్నం వల్ల మట్టిలో క్షారం పెరుగుతుంది, అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేర్లు తీసుకోలేవు. గుర్తు ఏంటంటే కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పసుపవుతుంది. కింది ముదురు ఆకులు పసుపైతే అది వేరే సంగతి, నత్రజని తక్కువై ఉండొచ్చు. చాలామంది రెండింటికీ కలిపి యూరియా చల్లేస్తారు. మొదటిదానికి యూరియాతో ఒరిగేదేం లేదు.

అనుమానం ఉంటే పిడికెడు ఎండు మట్టి మీద కొంచెం వెనిగర్ పోయండి. బుసబుసమని నురగొస్తే సున్నం ఉన్నట్టే.

అప్పటికి ఉపశమనంగా లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయొచ్చు. కానీ అసలు మందు తవ్వకమే. పెరడంతా తవ్వించక్కర్లేదు, మొక్క పెట్టే చోట మాత్రం రెండడుగుల పొడవు, వెడల్పు, లోతున గుంత తీసి ఆ చెత్త మొత్తం బయట పారేయండి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి నింపండి. మాగని పేడ మాత్రం వేయొద్దు, చెదని పిలిచినట్టే. ఖర్చు కూలికే ఎక్కువ అవుతుంది కాబట్టి ఎన్ని గుంతలో ముందే తేల్చుకుంటే, ఎన్ని మొక్కలు పెట్టాలో కూడా తేలిపోతుంది.

లాన్ వేయించాం, చలికాలంలో బట్టతల, వేసవిలో మాడు

ఇది ఎక్కువగా దక్షిణం ఫేసింగ్ ఇళ్లలో. పెరడు ఉత్తరాన ఉంటుంది. డిసెంబర్ చివర్లో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పైన ఒక అంతస్తు, పిట్టగోడ కలిపి 25 అడుగుల ఎత్తున్న ఇంటికి నీడ అప్పుడు సుమారు 22 అడుగులు పడుతుంది, అంటే పన్నెండు అడుగుల పెరడు మొత్తం నీడలోనే. మే రెండో వారానికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, అక్కణ్నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు ఎండ కాస్త ఉత్తరం నుంచే పడుతుంది. నెలల తరబడి నీడ, తర్వాత నెత్తిన నిప్పులు. మెక్సికన్ గ్రాస్ అయినా కొరియన్ గ్రాస్ అయినా రోజుకి ఐదారు గంటల ఎండ కావాలి, ఈ చోట వాటిని ఎవరూ నిలబెట్టలేరు. మాలి మీద కోప్పడి లాభం లేదు.

ఇలాంటి చోట గడ్డి ఆలోచన మానేయండి. నడిచే దారికి తాండూరు బండలు వేసి మధ్యలో సందులు వదిలేయండి, అంచుల్లో రియో (ఆకుల అడుగు ఊదారంగులో ఉండే పొట్టి మొక్క), వామాకు, వెనక వరసలో నందివర్ధనం. ఈ చోటుకి నాకు బాగా నచ్చింది పసుపు. జూన్‌లో పెడితే వానాకాలమంతా అరిటాకుల్లాంటి పెద్దాకులతో నిండుగా ఉంటుంది, చలికాలం నీడ పూర్తిగా వచ్చేసరికి దానంతటదే ఎండిపోయి తవ్వకానికి వస్తుంది. సంక్రాంతికి కొమ్ము పసుపు మన పెరటిదే.

తూర్పు ఫేసింగ్ ఇంటికి పెరడు పడమరన ఉంటుంది. అక్కడ సమస్య సాయంత్రపు ఎండకి వంటగది గోడ కాలిపోవడం. నిమ్మో కరివేపాకో ఉసిరో, గోడకి ఎనిమిది పది అడుగుల దూరంలో ఒకటి పెడితే గోడా చల్లబడుతుంది, ఇంటి అవసరమూ తీరుతుంది.

ఆర్టిఫిషియల్ గడ్డి గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. మే నెల మధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా నిలబడి చూశాక కొనండి.

పీకిన వారానికే కలుపు మళ్లీ వస్తోంది

సన్నగా మూడు మూలల కాడ ఉండి, పీకితే పైభాగం మాత్రమే ఊడొస్తోందా? అది తుంగ. కింద నల్లటి చిన్న గడ్డలు, తుంగముస్తలంటారు చూడండి, అవి గొలుసులా ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. పారతో గొప్పు తవ్వితే గొలుసు తెగుతుంది, తెగిన ప్రతి గడ్డా విడిగా మొలుస్తుంది. అంటే మీరు శుభ్రం చేస్తున్నానుకుంటూ నారు పోస్తున్నారన్నమాట. ఇది చాలావరకు ట్రాక్టర్ మట్టితోనే వస్తుంది. మట్టి దింపించే ముందు రెండు దోసిళ్లు చేత్తో నలిపి చూడండి, గడ్డలు తగిలితే ఆ లోడు వెనక్కి పంపండి.

ఇప్పటికే వచ్చేసి ఉంటే ఏమీ నాటకుండా రెండు మూడు వారాలు నేల తడుపుతూ ఆగండి. మొలిచిందల్లా సన్నటి గునపంతో గడ్డతో సహా లేపేయండి. ఇలా రెండు విడతలైతే చాలావరకు తగ్గుతుంది, తర్వాత దట్టంగా మొక్కలు కమ్ముకుంటే నీడకి ఇంకా నీరసిస్తుంది. గులకరాళ్లు పరిచేవాళ్లు కింద నల్ల ప్లాస్టిక్ పట్టా వేయకండి, తుంగ మొన దాన్ని పొడుచుకుని పైకొస్తుంది, పైగా నీళ్లు కిందికి దిగవు. నీళ్లు దిగనిచ్చే మందపాటి జియోటెక్స్‌టైల్ గుడ్డ వేయండి.

చెట్టు పెరిగింది, తలనొప్పీ పెరిగింది

మునగ పెట్టారా? వానాకాలంలో మొదలు నిండా గొంగళి పురుగులు గుంపులుగా పట్టుకుంటాయి, గాలికి కొమ్మ పుటుక్కున విరుగుతుంది. పెట్టొద్దని కాదు, పడగ్గది కిటికీకి దూరంగా మూలన పెట్టి, కాపు అయిపోగానే ఏటా నాలుగడుగులకి నరికేయండి. బాదం చెట్టు మాత్రం చిన్న పెరట్లో వద్దనే అంటాను, ఆ ఆకులు ఊడ్చేవాళ్లకే తెలుస్తుంది బాధ. మామిడి కావాలంటే పదిహేను అడుగుల ఎడం లేని చోట పెట్టకండి.

సెప్టిక్ ట్యాంక్ మీదా పక్కనా చెట్టు వద్దు, వేర్లు తడి వెతుక్కుంటూ జాయింట్లలోకి దూరతాయి. దాని మూత మీద బండలు పరిచేసి మూసేసిన ఇళ్లున్నాయి, ట్యాంకర్ వచ్చిన రోజు సుత్తి పట్టుకోవాల్సి వస్తుంది. మూత కనపడకూడదంటే పైన రెండు కుండీలు పెట్టండి, కావాల్సినప్పుడు జరపొచ్చు. కాంపౌండ్ గోడ పగుల్లో రావి మొలిస్తే రెండాకులప్పుడే వేరుతో లాగేయండి. కొమ్మ తుంచితే మళ్లీ వస్తుంది.

బండలు జారుతున్నాయి

నున్నటి టైల్స్ అయితే మార్చడమే. మామూలు బండ మీద నాచైతే బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో రుద్ది కడగండి. దాంతో యాసిడ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

రోజూ నీళ్లు పోస్తున్నా, నాలుగు రోజులు ఊరెళ్తే మొక్కలు వాడిపోతున్నాయి

రోజూ పైపైన చల్లడం వల్లే ఇది. తడి రెండంగుళాల్లోనే ఉంటే వేర్లూ అక్కడే ఉంటాయి. 16 ఎంఎం డ్రిప్ పైపు వేసి, మొక్కకి గంటకి 4 లీటర్లిచ్చే డ్రిప్పర్లు రెండు పెడితే గంటన్నరకి 12 లీటర్లు లోతుగా దిగుతాయి. వేసవిలో వారానికి రెండు మూడు సార్లు ఇస్తే నిలదొక్కుకున్న మొక్కలకి సరిపోతుంది, కొత్తగా నాటినవాటికి మొదటి వేసవి మాత్రం ఇంకాస్త దగ్గరదగ్గరగా ఇవ్వాలి. పాదులో మూడంగుళాల మందాన ఎండుటాకులో కొబ్బరి పీచో వేరుశనగ పొట్టో కప్పండి, కాండానికి తగలకుండా నాలుగు వేళ్ల ఎడం వదలండి.

డ్రిప్ వేశాక కూడా ఒక్క మొక్కే ఎండుతుంటే దాని డ్రిప్పర్ మూసుకుపోయి ఉంటుంది. బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి ఊదండి, పోతుంది. మొదట్లోనే స్క్రీన్ ఫిల్టర్ పెట్టించి, నెలకోసారి పైపు చివరి మూత తీసి, మురికి పోయి తేట నీళ్లొచ్చేదాకా వదలండి.