కొత్త ఊళ్ళో సంఘాన్ని ఎలా చూసుకోవాలి

జూన్ దాటిందంటే మా సంఘంలో యువజనుల బెంచీలు సగం ఖాళీ. చదువులకనీ ఉద్యోగాలకనీ హైదరాబాదు, బెంగళూరు వెళ్ళిపోతారు. వెళ్ళిన కొన్నాళ్ళకి ఫోను. "వందనాలు టీచరమ్మగారూ! ఇక్కడ సందుకో చర్చి ఉందండీ. ఏది నిజమైన క్రైస్తవ సంఘమో ఎట్లా తెలుస్తుంది?"

నేను బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఒంగోలు దగ్గర మా పల్లె బాప్టిస్టు సంఘానికి చాలా ఏళ్ళు కోశాధికారిగా చేశాను. వేదాంత పాఠశాల గడప తొక్కలేదు. అందుకని లెక్కల మనిషి చూపుతోనే చెబుతాను, సర్దుకోండి.

ముందు, చూడక్కర్లేనివి. ఏసీ హాలా, రేకుల షెడ్డా అన్నది చూడొద్దు. డ్రమ్ములు, కీబోర్డు ఉన్నాయా, డోలక్కూ తాళాలేనా అన్నదీ వద్దు. చేతులెత్తి గట్టిగా ప్రార్థిస్తారా, పుస్తకం పట్టుకుని నెమ్మదిగా చదువుతారా అన్నది వాళ్ళ అలవాటు. బోర్డు మీద లూథరన్ అని ఉన్నా, సి.ఎస్.ఐ., ఆర్.సి.ఎం., పెంతెకొస్తు, బ్రదరెన్ అని ఉన్నా దాన్నిబట్టి లోపలి సంగతి తెలియదు. జనం ఎంతమంది అన్నది అసలే వద్దు. జాతరకీ జనం వస్తారు.

బోధ విషయంలో మొదటి ఆదివారమే తేలిపోయేది ఒకటుంది. యేసు ఎవరని చెబుతున్నారు? నీకయా పట్టణంలో 325లో పెద్దలు కూర్చుని తేల్చుకున్నది కూడా ఈ ప్రశ్నే. ఆయన నిజంగా దేవుడు, నిజంగా మనిషి, మన కోసం సిలువ వేయబడి తిరిగి లేచాడు. విశ్వాస ప్రమాణం పైకి చెప్పే సంఘమైనా, చెప్పని సంఘమైనా ఈ నేల మీదే నిలబడి ఉండాలి. ఆయన పక్కన ఇంకో కుర్చీ వేసి, అందులో తమ అపొస్తలుడినో ప్రవక్తనో కూర్చోబెట్టి, అతని మాట కాదంటే శాపం తగులుతుందని చెబితే ఇక రెండో ఆదివారం అక్కర్లేదు.

రెండోది, బైబిలు పట్టుకెళ్ళండి. ఫోన్లో ఉన్నదైనా సరే. ప్రసంగంలో వాక్యం చెప్పగానే ఆ అధ్యాయం మొత్తం చదవండి. అపొస్తలుడు పౌలు చెప్పిందే నిజమో కాదో అని బెరయ ఊరివాళ్ళు లేఖనాలు తిరగేసి చూసుకున్నారు, పౌలు నొచ్చుకోలేదు. జనవరి 1న పంచే వాగ్దానం కార్డులు తెలుసు కదా. వాటిలో తరచుగా వచ్చేది యిర్మీయా 29:11, దేవుడు మన విషయంలో తలంచేవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అని. చాలా మంచి మాట. అయితే దాని పై వచనం చూడండి: బబులోనులో 70 ఏళ్ళు గడిచాక మిమ్మల్ని దర్శిస్తాను అని ఉంది. చెరలో ఉన్నవాళ్ళకి రాసిన ఉత్తరమది. ఆ రోజు దాన్ని విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి ఊరు చూడకుండా అక్కడే మట్టిలో కలిసి ఉంటారు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని కూడా అందులోనే ఉంది. కార్డు మీద ముక్క ఇచ్చి, ఈ ఏడాదే ప్రమోషన్, ఈ ఏడాదే వీసా అని చెప్పే కాపరి ఉత్తరం మొత్తం చదివించడు. మొత్తం చదివించేవాడి దగ్గర కూర్చోండి.

ఇక డబ్బు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మా సంఘంలో ఆరాధన అయ్యాక కానుక సంచుల్ని పక్కగదిలో బల్ల మీద బోర్లిస్తాం. నోట్లు ఒకరు, చిల్లర ఒకరు లెక్కపెడతారు. పిడికెడు బియ్యం వస్తే కొలిచి, పాట పెట్టి, ఆ సొమ్మూ రాస్తాం. పుస్తకంలో ఇద్దరి సంతకాలు పడ్డాకే తలుపు తీస్తాం. పాస్టరుగారు ఆ గదిలోకి రారు. రావద్దని ఎవరూ అనలేదు, ఆయనే రారు. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో లెక్క చదువుతాం. చాపలకెంత, కరెంటు బిల్లుకెంత, గంట తాడు మార్చడానికెంత అన్నీ. వెనక కూర్చున్న ముసలమ్మ లేచి "ఆ తాడుకి అంతెందుకయింది?" అంటే జవాబు చెప్పే తీరాలి.

ఇదేదో నా బళ్ళో లెక్కల పిచ్చి అనుకోకండి. యెరూషలేము పేదల కోసం పోగైన చందా పంపేటప్పుడు పౌలు తానొక్కడే మోసుకెళ్ళలేదు. తీతును, ఇంకో ఇద్దరు సహోదరులను తోడు పెట్టాడు. ఈ సొమ్ము విషయంలో మమ్మల్ని ఎవరూ తప్పు పట్టకూడదు, ప్రభువు దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా సరిగా ఉండాలి అని 2 కొరింథీయులు 8లో కారణం కూడా రాశాడు. పౌలుకే సాక్షులు కావాల్సి వచ్చిందంటే మన దైవజనులకి అక్కర్లేదా?

మీరు చేయాల్సిన పని తేలిక. గోడ మీద క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది. ఫోన్‌పేలో స్కాన్ చేయండి, పేరు వస్తుంది. సంఘం పేరు వచ్చిందా, పాస్టరుగారి సొంత పేరా, ఆయన బావమరిది పేరా? సొంత పేరు వచ్చినంత మాత్రాన దొంగ అనను. చిన్న సంఘాలకి రిజిస్ట్రేషన్ ఉండదు, ఖాతా తెరవడం కష్టం. అప్పుడు "లెక్క ఎవరు రాస్తారండీ, సంఘానికి ఎప్పుడు చదువుతారు?" అని మర్యాదగా అడగండి. ఆ ప్రశ్నకి వాళ్ళ ముఖం ఎలా మారుతుందో చూస్తే మీ పని సగం అయినట్టే. చదివే తేదీ చెబితే మంచిది. "దేవునికిచ్చినదానికి లెక్కలడుగుతావా" అంటే చెప్పులు వేసుకోండి.

మా సంఘం అమ్మాయి ఒకతె హాస్టల్లో ఉండి మొదటి జీతం అందుకుంది. ప్రథమ ఫలం అంటూ మొత్తం జీతం ఇమ్మన్నారట ఒకచోట. ఇవ్వకపోతే మిగతా పదకొండు నెలలు చిల్లుసంచే అన్నారట. ఇంటి దగ్గర తండ్రి డయాలసిస్‌కి వెళుతున్నాడు. దశమ భాగం ఎగ్గొడితే దేవుణ్ణి దొంగిలించినట్టేనని మలాకీ 3లో ఉందని వినిపించారు. ఉంది, నిజమే. ఆ అధ్యాయంలోనే అయిదో వచనం ఎవరూ వినిపించలేదు. కూలివాడి కూలి బిగబట్టేవాళ్ళ మీద, విధవరాళ్ళనీ తండ్రిలేనివాళ్ళనీ బాధపెట్టేవాళ్ళ మీద తానే సాక్షిగా ఉంటానని దేవుడు అన్నది అక్కడే.

ప్రార్థనకి రేటు, నూనె సీసాకి రేటు, తలమీద చెయ్యి వేయడానికి రేటు ఉంటే అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో, డబ్బిచ్చి పరిశుద్ధాత్మ శక్తిని కొనబోయిన సీమోను సంగతి గుర్తుకు తెచ్చుకోండి. పేతురు అతని డబ్బు తీసుకోలేదు సరికదా, నీ వెండి నీతో కూడా నశించుగాక అన్నాడు. తొలి శతాబ్దాల నాటి చిన్న పుస్తకం ఒకటుంది, దిదాఖే అంటారు. 1873లో కాన్‌స్టాంటినోపుల్లో దాని రాతప్రతి దొరికింది. ఊరికి వచ్చిన అపొస్తలుడు మూడు రోజులుంటే అబద్ధ ప్రవక్త, వెళ్ళేటప్పుడు రొట్టె తప్ప డబ్బడిగితే అబద్ధ ప్రవక్త అని అందులో తేల్చేశారు. అప్పటికే ఈ బెడద ఉందన్నమాట. అలాగని కాపరికి జీతం ఇవ్వొద్దనుకునేరు. పల్లె పాస్టర్లు ఎంత తక్కువలో ఇల్లు నడుపుతారో నాకు తెలుసు, చెక్కులు రాసింది నేనే. పనివాడు తన జీతానికి పాత్రుడు. అది ఎంతో సంఘానికి తెలిసి ఉంటే చాలు.

మా జిల్లా సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. జనం గుంపులు గుంపులుగా చచ్చిపోతుంటే ఒంగోల్లో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. తవ్వే చోట బోధకులే మేస్త్రీలు. జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఏడాదికి పైగా ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని, వాళ్ళకీ ఆ అనుమానం మిగలకూడదని. సాయం ఆగిపోయి, ఇక డబ్బు లేదని చెప్పాక కూడా వచ్చినవాళ్ళకి గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర బాప్తిస్మాలు జరిగాయి. 1878 జులై 3 ఒక్కరోజే 2,222 మంది. ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని ఏట్లో నిలబడి ఇచ్చింది తెలుగు బోధకులే. ఆ లెక్క గొప్పే, కాదనను. నాకు మాత్రం అంతకుముందు ఇవ్వకుండా ఆపిన ఆ ఏడాదే పెద్దదిగా కనిపిస్తుంది. చేతిలో తిండి ఉంది, ఎదుట ఆకలి ఉంది, సభ్యుల పట్టీ పెంచుకోవడానికి అంతకంటే మంచి అదను రాదు. మీరు చూడబోయే సంఘం ఎదుటివాడి అవసరాన్ని ఎలా వాడుకుంటోందో గమనించండి. జబ్బు, అప్పు, పెళ్ళికాకపోవడం, వీసా రాకపోవడం అక్కడ దేనికి పనికొస్తున్నాయి?

అంతకు ముందు ఇంకొకటి జరిగింది. తలకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య వెంట మాదిగలు గుంపుగా విశ్వాసంలోకి వస్తుంటే, ఒంగోలు బళ్ళో చదివే పై కులాల పిల్లలు, వాళ్ళ పెద్దలు, వీళ్ళని చేర్చుకుంటే మేం రామన్నారు. దొరగారు ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీయులు 1:26 తర్వాతి మాటలే కనిపించాయని మా పెద్దలు చెప్పుకుంటారు. లోకంలో నీచులైనవారినే దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాటలు. బడి ఖాళీ అయినా ఫరవాలేదని మాదిగల్నే చేర్చుకున్నారు.

అట్లా పుట్టిన సంఘాలం. మరి ఇప్పుడు? ఒకే ఊళ్ళో మాలపల్లెలో ఒక చర్చి, మాదిగపల్లెలో ఒక చర్చి, ఒకళ్ళ ప్రభువు బల్లకి, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకి, ఇంకొకళ్ళు రారు. ఆదివారం పేపర్లో పెళ్ళి ప్రకటనలు చూడండి, క్రిస్టియన్ అని రాసి వెంటనే కులం. కొన్నిచోట్ల సమాధుల తోటలో కూడా గోడ. కాబట్టి కొత్త సంఘంలో బల్ల ఆదివారం తప్పకుండా వెళ్ళండి. రొట్టె, ద్రాక్షారసం ఎవరు పంచుతున్నారు? వెనక వరసలో ఎవరు, ముందు సోఫాల్లో ఎవరు? బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ళ దగ్గర చోటు వద్దని యాకోబు రాశాడు. సోఫాల సంగతి ఆయనకి ముందే తెలుసేమో. ఆ తర్వాత భోజనం పెడితే ఉండి తినండి. హైదరాబాదులో గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను మందిరంలో, దాన్ని స్థాపించిన సువార్తికుడు భక్తసింగ్‌గారి కాలం నుంచి ఆరాధన తర్వాత అందరూ కలిసి కూర్చుని తినే అలవాటుంది. అక్కడి తెల్ల చీరలు, తలమీద ముసుగు అందరికీ నచ్చకపోవచ్చు. పక్కన కూర్చుని తినేవాడి కులం అడగకుండా అన్నం తినడం మాత్రం నేర్చుకోదగ్గది.

ఇది మర్యాదకి సంబంధించిన చిన్న సంగతి అనుకోవద్దు. అంతియొకయలో పేతురు యూదులు కాని అన్యజనులతో కలిసి తింటూ, యెరూషలేము నుంచి కొందరు వచ్చేసరికి భయపడి పక్కకి జరిగాడు. పౌలు అందరి ముందూ ఆయన్ని నిలదీశాడు, సువార్త సత్యం ప్రకారం నడవడం లేదని. గలతీయులు 2లో ఉంది. శిష్యుల్ని మొట్టమొదట క్రైస్తవులని పిలిచింది కూడా ఆ అంతియొకయలోనే. ఆ పేరు పుట్టిన ఊళ్ళోనే, ఎవరితో కలిసి తింటున్నావన్న దాని మీద అంత పెద్ద గొడవ జరిగింది.

ఇంకో రెండు మూడు గబగబా. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు ఆపెయ్, విశ్వాసం చాలు అంటే ఆ రోజే బయటికి రండి. తిమోతి కడుపునొప్పికి పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, త్రోఫిము జబ్బుతో ఉంటే మిలేతులో విడిచి వచ్చాడు. వాళ్ళకి విశ్వాసం తక్కువనా? పిల్లల సండే స్కూల్లో ఒక్క టీచరే తలుపు మూసుకుని ఉండకూడదు. ఆడపిల్లలకి ఒంటరిగా గదిలో కౌన్సెలింగ్ అంటే వెళ్ళొద్దు, పాస్టరమ్మగారిని కూడా కూర్చోమనండి.

మనుషుల సంగతికొస్తే, ఫలానావాడు నిజమైన క్రైస్తవుడా కాదా అని తేల్చే పని మీది కాదు. బొట్టు ఉందా, పూలు పెట్టుకుందా, గాజులు తీసిందా అని చూసి తేల్చేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. సర్టిఫికెట్ చూసి తేల్చేవాళ్ళు ఇంకా పాపం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఇచ్చారు, మనవాళ్ళకి ఇవ్వలేదు. పిల్లల చదువు కోసం కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతికే ఇళ్ళు మన చుట్టూ ఎన్నో. ఆ భారం మొయ్యనివాళ్ళు వాళ్ళ విశ్వాసాన్ని తూకం వేయడం నాకు గిట్టదు.

తూకం వేసుకోవాలంటే మిమ్మల్నే వేసుకోండి. ప్రభువా ప్రభువా అని పిలిచేవాడు కాదు, తండ్రి చిత్తం చేసేవాడే అని మత్తయి 7:21. దాన్ని ఒక ఆదివారం మధ్యాహ్నం కాగితం మీద పెట్టుకోవచ్చు. పనిమనిషికి జీతం ఒకటో తారీఖున ఇచ్చానా? స్నేహితుడి దగ్గర తీసుకున్న అప్పు? మాట్లాడటం మానేసిన తమ్ముడు? పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, మనం అసలు ఇచ్చినా గొప్పే.

ఏ లోపమూ లేని సంఘం దొరికేదాకా తిరుగుతామంటే దొరకదు. కొరింథులో ముఠాలు, కోర్టు కేసులు, బల్ల దగ్గర ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి ఉండటం, అన్నీ ఉన్నాయి. పౌలు వాళ్ళని చివాట్లు పెడుతూనే దేవుని సంఘం అని ఉత్తరం మొదలుపెట్టాడు. చెబితే వినే సంఘమా అన్నది చూసుకోండి. మామూలు ఆదివారం ఒకటి, బల్ల ఆదివారం ఒకటి, వీలైతే ఎవరైనా పేదవాళ్ళు చనిపోయినప్పుడు భూస్థాపన ఒకటి చూశాక నిర్ణయించుకోండి. పెద్దవాళ్ళింటి పెళ్ళి చూసి మాత్రం నిర్ణయించుకోవద్దు.

కుదిరాక ఇక్కడి నుంచి బదిలీ ఉత్తరం తీసుకెళ్ళండి. పేరు, బాప్తిస్మం తేదీ, సభ్యత్వం వివరాలు రాసి పాస్టరుగారు, సెక్రటరీగారు సంతకం పెట్టి ఇస్తారు. వాట్సాప్‌లో ఫొటో పంపితే కుదరదు, అసలు కాగితం అడుగుతారు. పండక్కి వచ్చినప్పుడు తీసుకోండి. ఉద్యోగం వచ్చినవాళ్ళు పాత చందా బాకీ ఉంటే కట్టేసి రండి, సెక్రటరీగారు పుస్తకం చూడకుండా పెన్ను తీయరు. చదువుకునేవాళ్ళకి చందా లేదు, ఉత్తరం ఊరికే ఇస్తాం.