టర్బో డీజిల్ బండి గుంజడం లేదా? సెన్సర్లను గాలి దారి పట్టి వెతకండి

సమస్య: హన్మకొండ దాటి ములుగు హైవే ఎక్కగానే బండి బరువెక్కుతుంది. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, 2,500–3,000 ఆర్‌పీఎం మించదు. కీ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగానే ఉండి, ఓవర్‌టేక్ చేయబోతే మళ్లీ అదే. ఇది లింప్ మోడ్, అంటే తప్పు కనిపించగానే ఇంజిన్ దెబ్బతినకుండా బండి కంప్యూటరే శక్తి తగ్గించడం. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నెట్టే భాగం) పోయిందని తేల్చేముందు పైపులు, సాకెట్లు చూడాలి.

ఏది ఎక్కడ: ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే పైపు మీద మ్యాఫ్ సెన్సర్ (MAF, లోపలికి వెళ్లే గాలి ఎంతో కొలిచేది). అక్కడి నుంచి గాలి టర్బోకు, ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది), ఆపై ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు (గాలిని సిలిండర్లకు పంచే గొట్టం) వెళ్తుంది. మ్యాప్ సెన్సర్ (MAP, గాలి ఒత్తిడి కొలిచేది) ఆ మానిఫోల్డ్ మీదో, ఇంటర్‌కూలర్ పైపు మీదో ఉంటుంది. పేర్లు దగ్గరగా ఉండటంతో షాపులో ఒకటి అడిగితే ఇంకోటి చేతికి రావచ్చు, పాత పార్టు వెంట తీసుకెళ్లండి. బూస్ట్ సోలెనాయిడ్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడిని, అంటే బూస్ట్‌ను, అదుపు చేసే కరెంటు వాల్వు) దొరక్కపోతే టర్బో యాక్చుయేటర్ (టర్బో రాడ్‌ను కదిపేది) డబ్బా నుంచి వచ్చే సన్న రబ్బరు పైపు పట్టుకొని వెళ్లండి. రెండు వైర్లు, ఎక్కువగా మూడు పైపులు ఉన్నదే అది.

ఇంజిన్ చల్లారాకే చేయి పెట్టండి. కామన్ రైల్ (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టం) చివర ఉన్న ప్రెషర్ సెన్సర్‌ను, ఇంజెక్టర్ పైపులను విప్పొద్దు. బండి గట్టిగా లాగుతున్నప్పుడు అందులో 1,000 బార్ దాటిన ఒత్తిడి ఉంటుంది.

స్కానర్‌లో (బండి కంప్యూటర్‌లోని తప్పు కోడ్ చదివే పరికరం) పీ0299 వస్తే: బూస్ట్ తక్కువ. మన ఎండలకు, ఇంజిన్ వేడికి సన్న పైపులు బిరుసెక్కి చివర్లో పగులుతాయి. చివర మాత్రమే పగిలి, పొడవు సరిపోతే సెంటీమీటరు కోసి మళ్లీ తొడగండి. లేదంటే అదే లోపలి కొలత వ్యాక్యూమ్ పైపు వేయండి. చేపల తొట్టి పైపు వేడికి మెత్తబడి లోపలికి అతుక్కుపోతుంది. సోలెనాయిడ్ పైపులు తీసేముందు టేపు గుర్తులు పెట్టకపోతే తారుమారై కొత్త తంటా. ఇంటర్‌కూలర్ పైపు అతుకు బయట ఆయిల్ తడి ఉంటే గాలి అక్కడే పోతోంది, క్లాంప్ బిగించండి.

పీ0237 వస్తే: మ్యాప్ సర్క్యూట్‌లో వోల్టేజ్ తక్కువ. ఇంజిన్ ఆపి, కీ ఆన్‌లో పెట్టి స్కానర్ చూడండి. వరంగల్ ఎత్తులో 97–99 కిలోపాస్కల్ చూపాలి. దానికి దూరంగా ఉంటే సాకెట్ తీసి మల్టీమీటర్‌తో కొలవండి: ఒక పిన్‌లో 5 వోల్టులు, ఒకదాంట్లో ఎర్త్. 5 వోల్టులు లేకపోతే వైరు తెగి ఉండొచ్చు. వడ్ల బస్తాలున్న ఇళ్ల దగ్గర ఆపే బండ్లలో మొదటి అనుమానం ఎలుకల మీదే. రెండూ సరిగ్గా ఉంటే సిగ్నల్ వైరు, ఆ తర్వాతే సెన్సర్. రీడింగ్ నెమ్మదిగా కదిలితే కొన మీద మసి పట్టి ఉంటుంది, క్లీనర్ కొట్టి ఆరబెట్టండి.

పీ0101 వస్తే: మ్యాఫ్ చూపే గాలి లెక్క సరిగ్గా లేదు. కరీంనగర్ గ్రానైట్ క్వారీల వైపు తిరిగే బండికి ముందు ఫిల్టర్ మార్చండి. మ్యాఫ్ లోపలి సన్న పొరకు గుడ్డ, గాలి గన్ను తగలొద్దు. మ్యాఫ్ స్ప్రే మాత్రమే.

కోడ్ చెరిపి మూడో గేరులో ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చి చూడండి. అడిగిన బూస్ట్‌కు, వచ్చిన బూస్ట్‌కు ఇంకా చాలా తేడా ఉంటే అప్పుడు టర్బో వేన్లు (లోపలి రెక్కలు), యాక్చుయేటర్ రాడ్ విప్పి చూడాలి.