విద్యార్థి చిత్రం తీసేవారికి: గది నిశ్శబ్దాన్నీ రికార్డు చేయండి
మా విద్యార్థి చిత్రం ప్రారంభ దృశ్యాన్ని ఎడిట్ చేస్తున్నప్పుడు, సంభాషణల మధ్య అనవసరపు చప్పుళ్లను కత్తిరించిన ప్రతిచోటా శబ్దం పూర్తిగా ఆగిపోయి, అతుకు స్పష్టంగా తెలిసిపోవడం ఆలస్యంగా గమనించాము. ఖాళీ గదికి కూడా ఫ్యాను, గాలి, దూరపు వాహనాలు కలిసిన తనదైన ధ్వని ఉంటుంది. కాబట్టి ప్రతి లొకేషన్‌లోనూ చిత్రీకరణ ముగిశాక, మైకునూ రికార్డింగు స్థాయినీ మార్చకుండా, అందరూ కదలక నిలబడి కనీసం 30 సెకన్లపాటు ఆ నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. (ఎవరో ఒకరికి నవ్వు రావడం ఖాయం కనుక 60 సెకన్లు తీసుకోవడమే మేలు.) ఎడిటింగ్‌లో ఆ ముక్కను సంభాషణల కింద వేరే ట్రాక్‌పై పరిస్తే అతుకులు దాదాపు వినిపించవు. చిత్రీకరణను సెకనుకు 24 ఫ్రేములతో (విడి చిత్రాలతో) మొదలుపెట్టి మధ్యలో 30కి మారడం మా మరో పొరపాటు. మీరు ఎంచుకున్న ఫ్రేముల సంఖ్యను కాగితంపై రాసి కెమెరాకే అతికించండి.