చోడంబలితో మొదలెట్టి తిండి చానల్ నిలబెట్టడం ఎలా?

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో "హెల్దీ ఫుడ్ చానల్ పెడతాను" అన్నవాళ్లు ముందు చేసే పని ఓట్స్ పేకెట్టు కొనడం. అవకాడో కోసం బరంపురం వరకూ వెళ్లొచ్చినవాళ్లు కూడా నాకు తెలుసు. ఇంట్లో డబ్బా నిండా చోడిపిండి, అదే రాగిపిండి, ఉంటుంది, దానివైపు మాత్రం ఎవరూ చూడరు.

ఇంగ్లండ్‌లో ఎల్లా మిల్స్ అనే అమ్మాయి 2011లో జబ్బున పడింది. మరుసటేడు, ఇంట్లో తను వండుకుంటున్నవే నెట్‌లో రాయడం మొదలుపెట్టింది. 'డెలిషియస్‌లీ ఎల్లా' అన్న పేరు అలా పుట్టింది. తర్వాత యాప్, పుస్తకాలు, దుకాణాల్లో సరుకులు వచ్చాయి. 2024లో ఆ బ్రాండును స్విట్జర్లాండ్‌కి చెందిన హీరో గ్రూప్ కొనుక్కుంది. ఆమె చెప్పిన తిండి మనకి సరిపడుతుందా లేదా అన్నది వేరే సంగతి. ముందు చదివేవాళ్లు, ఆ తర్వాతే సరుకు అన్న ఆ వరస మాత్రం మనం పట్టుకోదగ్గది.

మొదటి పని: ఒక్క వస్తువు ఎంచుకోవడం

'ఆరోగ్యకరమైన వంటలు' అంటే సముద్రం. చోళ్లు తీసుకోండి, లేదా సామలు, కొర్రలు. పది వీడియోలయ్యేదాకా దాన్ని వదలకండి. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల కోసం మిల్లెట్ మిషన్ మొదలుపెట్టినప్పుడు తొలి ఏడు జిల్లాల్లో మా గజపతి, పక్కనున్న రాయగడ, కొరాపుట్ ఉన్నాయి. ఏటా నవంబరు 10న మాండియా దిబస, అంటే చోళ్ల రోజు, జరుపుతారు. ఆ తేదీ ముందే రాసిపెట్టుకుని, వారం ముందు వీడియో వదలండి.

రెండో పని: కొలతలు

కెమెరా కంటే ముందు తూకం కొనండి. వంటింటి డిజిటల్ తూకమైతే చాలు. "కొంచెం పిండి, కాసిన్ని నీళ్లు" అని అమ్మ మనకి చెప్పొచ్చు, మనం చూసేవాళ్లకి చెప్పకూడదు. పోషకాల అంకెలకి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలే చూడండి, వాట్సాప్‌లో వచ్చినవి కాదు. వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 350 మిల్లీగ్రాములు దాటుతుంది, పాలిష్ పట్టిన బియ్యంలో పది కూడా ఉండదు. ఇది ధైర్యంగా చెప్పొచ్చు. పిండిపదార్థం మాత్రం చోళ్లలోనూ బియ్యానికి దగ్గరగానే ఉంటుంది. దాన్ని కూడా అదే గొంతుతో చెప్పాలి.

మూడో పని: ఏం అనకూడదో రాసుకోవడం

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. నా నాలుగో వీడియోకి "అంబలితో షుగర్ మాయం" అని పేరు పెట్టాను. అలా పెడితేనే చూస్తారని ఎవరో అన్నారు, నిజంగానే చూశారు. రెండు వారాల తర్వాత మా వీధి చివరి పెద్దమ్మ గుమ్మంలో కూలబడి, "నువ్వే కదే అమ్మా సెప్పినావు, అంబలి తాగితే సాలని. మాత్తర్లు ఆపేసి పది రోజులైనాది" అంది. కళ్లు తిరుగుతున్నాయట. ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లాను. దారి పొడుగునా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ రాత్రే వీడియో తీసేశాను.

చట్టం సంగతీ తెలుసుకోండి. ఆరోగ్య విషయాలు చెప్పే ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం కేంద్రం 2023 ఆగస్టులో మార్గదర్శకాలిచ్చింది. నిపుణులుగా మాట్లాడేవాళ్లు తమ అర్హత చెప్పాలి. మిగతావాళ్లు ఇది వైద్య సలహాకి బదులు కాదని స్పష్టంగా చెప్పాలి. తప్పుదారి పట్టించే ప్రకటన చేస్తే 2019 వినియోగదారుల చట్టం కింద జరిమానా పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా పడొచ్చు. 'తగ్గిస్తుంది', 'పోగొడుతుంది', 'నయం' అన్న మూడు మాటలూ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. స్క్రిప్టు రాసినప్పుడల్లా ఆ కాగితం వైపు చూస్తాను.

నాలుగో పని: భాష

ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి. వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది ఈ ఊళ్లో ఉండే కదా. కెమెరా ముందు "సేవించవలెను" అంటే ఆయన ఊరుకోరు! 'రాగి' అనకుండా 'చోడి' అనండి, టైటిల్‌లో మాత్రం రెండూ పెట్టండి, పక్కనే 'మాండియా' కూడా. హైదరాబాదువాళ్లు వెతికేది రాగి, భువనేశ్వర్‌వాళ్లు వెతికేది మాండియా. రెండు భాషల్లో వంట చెప్పగలగడం సరిహద్దులో పుట్టిన మనకి ఉచితంగా వచ్చిన పెట్టుబడి. ఒడియా సబ్‌టైటిళ్లు యంత్రానికి వదిలేయకుండా పక్కింటివాళ్ల చేత ఒకసారి చదివించండి.

ఐదో పని: తీయడం

ఫోను చాలు. కిటికీ వెలుగు పక్కనుంచి పడాలి, వెనకనుంచి కాదు. మైకుకి ఓ వెయ్యి ఖర్చుపెట్టండి, మిక్సీ తిరుగుతున్నప్పుడు మాత్రం మాట్లాడకండి.

అంబలినే చూడండి. రాత్రి చోడిపిండిలో నీళ్లు పోసి, ఉండలు లేకుండా కలిపి మూతపెడతాం. పొద్దున్నకి పైన సన్నటి బుడగలు తేలతాయి, ఆ పులుపు వాసన వీడియోలో రాదు కాబట్టి బుడగల్ని దగ్గరగా చూపించాలి. నూకలు మెత్తగా ఉడికాక ఈ పులిసిన పిండి పోస్తూ ఆపకుండా గరిటె తిప్పాలి. చిక్కబడుతూ రంగు ముదురుతుంది. గరిటె ఎత్తితే ధార తెగకుండా జారాలి, తెగిందా నీళ్లు చాలలేదన్నమాట. చల్లారాక మజ్జిగ, ఉప్పు, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరప. ఆ జారే ధార ఐదు సెకన్లు చాలు, మనిషి ఆగి చూస్తాడు. ఆవిరికి లెన్సు మసకబారుతుంది, గుడ్డ దగ్గర పెట్టుకోండి.

ఆరో పని: డబ్బు

యూట్యూబ్ ప్రకటనల వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దానికి తోడు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూలు గానీ కావాలి. అక్కడికి చేరాక కూడా ఆ డబ్బుతో ఇల్లు గడవదు, ముందే చెప్తున్నాను. ఎవరైనా సరుకు పంపి చూపించమంటే, అది డబ్బు తీసుకున్న ప్రచారమని వీడియో మొదట్లోనే చెప్పేయండి. చివర్లో సన్న అక్షరాల్లో పెడితే చెప్పినట్టు కాదు.

అసలు రాబడి సొంత పిండి అమ్మితేనే. దానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, నమోదు ఉండాలి. పేకెట్టు ఇంట్లో కట్టినా ఆ 14 అంకెల నంబరు, తయారీ తేదీ, బరువు దానిమీద ఉండాల్సిందే. చోళ్లు సంతలో సవర గిరిజన రైతుల దగ్గర నేరుగా కొంటే మంచిది, బేరం మాత్రం ఆడకండి. మీరు పేకెట్టు మీద వేసుకునే ధర వాళ్లకీ తెలుస్తుంది.

పేరు నమోదు చేయించడం అందరూ మరిచిపోతారు. ట్రేడ్‌మార్కుకి వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు. పిండి 30వ తరగతిలోకి వస్తుంది, వీడియోలు 41లోకి. రెండింటికీ ఒకేసారి చేతిలో డబ్బు లేకపోతే, ముందు 41 చేయించండి. పిండి ఇంకా అమ్మడం లేదు కదా.