మీ ఎమ్మెల్యే చరిత్ర తప్పుల్లేకుండా రాయాలంటే

ముందు ఫ్లెక్సీలు, కరపత్రాలు పక్కన పెట్టేసి ఎలక్షన్ కమిషన్ సైట్ ఓపెన్ చేయండి. మొదటి ఎన్నికల నుంచి స్టాటిస్టికల్ రిపోర్టులు పీడీఎఫ్‌లుగా ఉంటాయి, నియోజకవర్గం వారీగా ఎవరికెన్ని ఓట్లొచ్చాయో అన్నీ చూడొచ్చు. గెలిచినవే కాదు, ఓడినవి కూడా రాసుకోండి ప్లీజ్, చాలామంది వాటిని వదిలేస్తారు. ఉప ఎన్నికలు ఆ రిపోర్టుల్లో ఉండవు, విడిగా వెతకాలి.

ఇల్లందు మాజీ ఎమ్మెల్యే గుమ్మడి నర్సయ్య గారినే తీసుకుందాం, నాకు చాలా గౌరవం ఆయనంటే, ఎమ్మెల్యే అయ్యుండి కూడా సైకిల్ మీద, బస్సులో తిరిగిన మనిషి. 1983, 1985, 1989, 1999, 2004 మొత్తం ఐదుసార్లు గెలిచారు, మధ్యలో 1994లో ఓడిపోయారు. జనం న్యూడెమోక్రసీ (సీపీఐ ఎంఎల్ పార్టీల్లో ఒకటి) ఎమ్మెల్యే అంటారు కానీ రిపోర్టుల్లో చూస్తే ఇండిపెండెంట్ అనుంటుంది, అందుకే రెండూ రాయాలి, లేకపోతే చదివేవాళ్లకి అర్థం కాదు. ఇంకోటి, ఐదుసార్లు కాబట్టి 25 ఏళ్లు అని లెక్కేసేయొద్దు. 1983లో ఏర్పడిన అసెంబ్లీ రెండేళ్లు కూడా నిండకుండానే 1984 చివర్లో రద్దయింది, 1999 నాటిది కూడా 2003 నవంబర్‌లోనే రద్దు చేశారు. ప్రతి టర్మ్ ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయిందో విడివిడిగా చూసుకోవాల్సిందే.

పాతకాలం వాళ్లయితే ఇంకా జాగ్రత్త. 1957లో ఎన్నికలు తెలంగాణ ప్రాంతంలోనే జరిగాయి, ఆంధ్ర వైపు 1955లో గెలిచినవాళ్లే 1962 దాకా కొనసాగారు, కాబట్టి కోస్తా ఎమ్మెల్యేకి 1957లో గెలిచారు అని ఎక్కడైనా కనిపిస్తే నమ్మకండి. 2009 ఎన్నికలకి డీలిమిటేషన్‌తో, అంటే నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీయడంతో, కొన్ని నియోజకవర్గాలు పోయాయి, కొన్ని కొత్తగా వచ్చాయి, పేరు అదే ఉన్నా మండలాలు మారిపోయినవీ ఉన్నాయి.

ఆస్తులు, కేసులు, చదువు కావాలంటే అఫిడవిట్లు (అభ్యర్థులు ప్రమాణం చేసి ఇచ్చే పత్రాలు) చూడండి, 2004 నుంచి నామినేషన్‌తో పాటు ఇస్తున్నారు. ఒక్కటి చూసి ఆగకుండా మీ ఎమ్మెల్యే పోటీ చేసిన ప్రతిసారిదీ పక్కపక్కన పెట్టుకోండి, అప్పుడే మార్పు కనపడుతుంది.

అసలు పని మాత్రం అసెంబ్లీ డిబేట్లలో ఉంటుంది, నాకైతే అన్నిటికంటే ఇవే ముఖ్యం. ఏ రోజు మీ ఎమ్మెల్యే లేచి ఏ ఊరి రోడ్డు గురించి, ఏ పోడు భూమి గురించి అడిగారు, మంత్రి ఏం చెప్పారు, మొత్తం రికార్డులో ఉంటుంది. టైం పడుతుంది, పేరు కూడా ఇంటిపేరుతో, ఇనీషియల్‌తో రెండు రకాలుగా వెతకాలి. ఒక ప్రశ్న దొరికాక ఆ ఊరికి వెళ్లి ఆ రోడ్డు పడిందా లేదా పెద్దవాళ్లని అడగండి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు తారీఖు వేసి రాసుకోండి.